గెజిట్‌లో వచ్చిన రెగ్యులేషన్‌ను పార్లమెంటు చూసిందా? తేల్చుకోవడం ఇలా

గుంటూరులో కారం మిల్లు నడిపేవారికి చట్టం కన్నా దాని కింద వచ్చే రెగ్యులేషన్లతోనే పని ఎక్కువ. కారంలో తేమ ఎంతవరకు ఉండొచ్చో 2006 నాటి ఆహార భద్రత చట్టంలో దొరకదు. సెక్షన్ 92 కింద కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చేసే రెగ్యులేషన్లలో ఉంటుంది. వాటిని పార్లమెంటు ముందు పెట్టాలనేది సెక్షన్ 93.

ముందు గెజిట్ ప్రతి తీసి, అది ముసాయిదానా, తుది నోటిఫికేషనా చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే. ముసాయిదా అయితే గడువులోగా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకే అభ్యంతరాలు పంపాలి. పార్లమెంటు దాకా వెళ్లే దశ ఇంకా రాలేదు. ఇలాంటి సంస్థల రెగ్యులేషన్లు గెజిట్ మూడో భాగం, 4వ సెక్షన్‌లో వస్తాయి. నంబరు, తేదీ రాసుకోండి.

వాటితో లోక్‌సభ, రాజ్యసభ వెబ్‌సైట్లలో సభ ముందుంచిన పత్రాల జాబితాలు వెతకండి. రెగ్యులేషన్ సభ ముందు ఉండాల్సిన గడువు మొత్తం 30 రోజులు. సభ సమావేశాల్లో ఉన్న రోజులే లెక్క. ఒక సమావేశంలో నిండకపోతే మిగతావి తర్వాతి సమావేశంలో కలుస్తాయి. ఆ వెంటనే వచ్చే సమావేశం ముగిసేలోగా రెండు సభలూ ఒప్పుకుంటేనే మార్పయినా, రద్దయినా. ఒక్క సభ కాదంటే చాలదు. ఈలోగా రెగ్యులేషన్ అమల్లోనే ఉంటుంది. రద్దయినా అంతకుముందు జరిగినవి చెల్లుతాయి కాబట్టి, కట్టిన జరిమానా వెనక్కి వస్తుందనుకోవద్దు.

సభలో రద్దయ్యేవి బహు అరుదు. అసలు జల్లెడ, చట్టాల కింద చేసే రూల్స్, రెగ్యులేషన్లను పరిశీలించే సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ దగ్గరుంది. లోక్‌సభలో 1953 నుంచి, రాజ్యసభలో 1964 నుంచి ఉంది. ఒక్కోదానిలో 15 మంది సభ్యులు. లోక్‌సభ కమిటీలో మంత్రులకు చోటు లేదు. కమిటీకి రాసేటప్పుడు 'మాకు నష్టం' అని రాస్తే పక్కన పడేస్తారు. చట్టం ఇవ్వని అధికారం వాడారనో, పన్ను వేశారనో, పాత తేదీ నుంచి వర్తింపజేశారనో, కోర్టు దారి మూశారనో, సభ ముందు పెట్టడంలో అకారణంగా ఆలస్యం చేశారనో చూపండి. ఏ క్లాజు, ఏ సెక్షన్‌ను దాటిందో పక్కపక్కన పెట్టి ఒక్క పేజీలో రాస్తే చాలు. కమిటీ సిఫారసు చేయగలదే తప్ప శాసించలేదు. సభలో సవరణ తీర్మానానికి నోటీసు ఇవ్వాల్సింది ఎంపీయే. ఆ కాగితం ఒక ప్రతి మీ ఎంపీకీ ఇవ్వండి.

అన్ని నోటిఫికేషన్లదీ ఇదే తీరు కాదు. కస్టమ్స్ టారిఫ్ చట్టం సెక్షన్ 8ఏ కింద అత్యవసరంగా దిగుమతి సుంకం పెంచితే, ప్రభుత్వమే తీర్మానం పెట్టి ఆమోదం కోరాలి. రాష్ట్ర చట్టాల కింద రూల్స్ వెలగపూడిలోని శాసనసభ, మండలి ముందుకెళ్తాయి. అక్కడ చాలా చట్టాల్లో గడువు 14 రోజులే. చట్టం చివరి సెక్షన్లు చూసుకోండి.

సభ ముందు పెట్టలేదన్న ఒక్క కారణంతో హైకోర్టుకు వెళ్తే నిలవడం కష్టం. అట్లాస్ సైకిల్ కేసులో 1979లో సుప్రీంకోర్టు అలాంటి లోపంతో ఉత్తర్వు చెల్లకుండా పోదంది. రిట్‌లో మూలచట్టాన్ని దాటారన్న వాదనే ముందు పెట్టండి, సభ ముందు పెట్టలేదన్న సంగతి తర్వాత.