కొత్త టెలిఫోటో జూమ్ వస్తుందంటున్నారు: ఆగాలో కొనాలో తేల్చుకునే పద్ధతి

చలికాలపు ఉదయాల్లో గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు గట్టున కెమెరాలతో నిలబడేవారి మధ్య ఏటా ఒక మాట తిరుగుతూనే ఉంటుంది: "అన్నా, మీరు చూస్తున్న జూముకి కొత్తది వస్తోందంట, ఇప్పుడే కొనమాకండి." విజయవాడ గవర్నరుపేటలో పెళ్ళి ఫొటోలు తీసే మిత్రులు కూడా 70-200 జూమ్ గురించి ఆగాలా, కొనాలా అని అడుగుతుంటారు. (ఈ అంకెలు లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను మి.మీ.లలో చెబుతాయి; అంకె పెద్దదయ్యే కొద్దీ దూరపు వస్తువు దగ్గరగా కనబడుతుంది.) లక్షల్లో డబ్బు పెట్టవలసిన వస్తువు కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేము, అలాగని దాన్ని నమ్ముకుని ఏళ్ళు గడపలేము. ఈ ప్రశ్నను క్రమంగా ఎలా విప్పుకోవాలో నా అనుభవం నుంచి ఇక్కడ వివరిస్తున్నాను.

నేను కానన్ ఇఎఫ్ 100-400 కొనాలని 2011లో నిశ్చయించుకున్నాను. అది 1998లో వచ్చిన లెన్సు. గొట్టాన్ని ముందుకు తోసి, వెనక్కు లాగి జూమ్ చేసే పాత పద్ధతి దానిది. పదమూడేళ్ళు గడిచాయి గనుక రెండవ రూపం నేడో రేపో వస్తుందని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. అది ప్రకటితమైనది 2014 నవంబరులో. ఈలోగా మూడు గూళ్ళ సీజన్లు గడిచిపోయాయి. ముక్కున పుల్లలు పట్టుకుని వచ్చే గూడబాతులను, పిల్లలకు నీడ పట్టేందుకు రెక్కలు విప్పి నిలబడే ఎర్రకాళ్ళ కొంగలను 250 మి.మీ. లెన్సుతో దూరంగా, చిన్నవిగా తీసి దాచుకున్నాను. తరువాత కొన్న రెండవ రూపం చాలా మంచి లెన్సు, కానీ ఆ మూడు చలికాలాల లోటు దానితో తీరేది కాదు. అందుకే, పుకారు ఎంత గట్టిదో తూచడానికి ముందు మీ అవసరం ఎంత గట్టిదో తూచుకోమని చెబుతాను.

దీనికి మొదట ఒక కాగితం మీద రాబోయే పన్నెండు నెలల్లో ఆ లెన్సు తప్పనిసరిగా కావలసిన రోజులను రాయండి. పెళ్ళిళ్ళు తీసేవారికి ఈ పని పంచాంగమే చేసిపెడుతుంది: మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలతో నిండి ఉంటాయి; ఆషాఢంలోనూ మూఢాల్లోనూ చేతిలో పని ఉండదు. పక్షులు తీసేవారికి అక్టోబరు నుంచి మార్చి వరకు ఉప్పలపాడు, కొల్లేరు అంచున కైకలూరు దగ్గరి ఆటపాక ఉన్నాయి. విజయవాడవారికి దసరా ఉంది. ఇలా రాసుకుంటే, ఆగడానికి అయ్యే ఖర్చు నెలల్లో కాక, పోగొట్టుకునే రోజుల్లో కనబడుతుంది. ఆషాఢం మొదట్లో ఒక నెల ఆగడం దాదాపు ఉచితం. అక్టోబరు మొదట్లో అదే నెల ఆగడం చాలా ఖరీదైనది.

తరువాత, మీకు నిజంగా కొరవడినది ఏమిటో మీ పాత ఫొటోలనే అడగండి. గత సంవత్సరపు ఫైళ్ళను ఫోకల్ లెంగ్త్ వారీగా పేర్చి చూస్తే, ఎక్కువ భాగం జూమ్ చివరి అంచున తీసినవా కావా అన్నది తెలుస్తుంది. అంచున తీసినవాటిని ఎంత కత్తిరించి వాడుకున్నారో కూడా చూడండి. వెడల్పులో సగానికి కత్తిరించవలసి వస్తోందంటే, మీకు కావలసినది ఇప్పటి దానికి రెట్టింపు ఫోకల్ లెంగ్త్. అటువంటప్పుడు అదే 100-400కు వచ్చే కొత్త రూపం మీ సమస్యను తీర్చదు, మీ చూపు ఆ రెట్టింపుకు కొంతైనా దగ్గరయ్యే 200-600 వంటి వాటి మీద ఉండాలి. లోపం దూరంలో కాక వెలుతురులో ఉంటే లెక్క వేరు. విజయదశమి రాత్రి కృష్ణలో దుర్గమ్మ హంసవాహనంపై విహరించే తెప్పోత్సవాన్ని ఒడ్డు నుంచి తీయాలంటే, ఎఫ్/5.6 లెన్సుకు అందే వెలుతురు ఎఫ్/2.8కు అందే దానిలో నాలుగవ వంతు మాత్రమే (ఇది అపెర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం కొలత; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). నిశ్చలీకరణ (స్టెబిలైజేషన్) ఎంత మెరుగైనా అది మీ చేతి వణుకును ఆపుతుందే తప్ప, కదిలే తెప్పను ఆపలేదు. వచ్చే లెన్సు అపెర్చర్ పాతదే అయితే, ఆ రాత్రి మీకు కొత్తగా దక్కేది చాలా తక్కువ.

ఇక పుకారును తూచడం. అన్ని ఆధారాలకూ ఒకే విలువ ఉండదు. ఎక్కువగా తిరిగేది పేటెంట్ వార్త. ఎక్కువగా అపార్థమయ్యేదీ అదే. పేటెంట్ దరఖాస్తు సాధారణంగా దాఖలైన 18 నెలలకు బహిరంగమవుతుంది, కాబట్టి మీరు చదివే నాటికి ఆ ఆలోచన ఏడాదిన్నర పాతది. ఒక్క లెన్సు కోసం కంపెనీలు అనేక నమూనాలు దాఖలు చేస్తాయి, వాటిలో చాలా భాగం కాగితం మీదే ఉండిపోతాయి. అయినా పేటెంటులోని కొలతల పట్టికను చదవడం నేర్చుకోవడం లాభమే. ఫోకల్ లెంగ్త్ 103 నుంచి 389 అన్నట్టుగా గుండ్రంగా లేని అంకెల్లో ఉంటుంది. దాన్ని 100-400గా అర్థం చేసుకోవాలి. ఇమేజ్ హైట్ (ఫ్రేము మధ్య నుంచి మూల దాకా దూరం) 21.64 మి.మీ. అని ఉంటే అది ఫుల్ ఫ్రేమ్, అంటే పాత 35 మి.మీ. ఫిల్ము ఫ్రేమంత సెన్సరుకు ఉద్దేశించినది. బ్యాక్ ఫోకస్ (లెన్సు చివరి అద్దం నుంచి సెన్సరు దాకా దూరం) అంకె మరీ ముఖ్యం: మౌంటు అంటే లెన్సు కెమెరా బాడీకి తగిలే చోటు. కానన్ డిఎస్‌ఎల్‌ఆర్‌ల (లోపల మిర్రరున్న కెమెరాల) ఇఎఫ్ మౌంటుకూ సెన్సరుకూ మధ్య దూరం 44 మి.మీ., మిర్రరు లేని మిర్రర్‌లెస్ కెమెరాల ఆర్‌ఎఫ్‌లో అది 20 మి.మీ. మాత్రమే. కాబట్టి బ్యాక్ ఫోకస్ 44కు బాగా తక్కువగా ఉంటే అది మిర్రర్‌లెస్ లెన్సు నమూనా అని నిర్ధారణగా అనుకోవచ్చు. ఎక్కువగా ఉన్నంత మాత్రాన డిఎస్‌ఎల్‌ఆర్‌దని చెప్పలేము, ఎందుకంటే మిర్రర్‌లెస్ టెలిఫోటోల్లో కూడా వెనుక అద్దం సెన్సరుకు దూరంగా ఉండవచ్చు. పట్టికలోని మొత్తం పొడవు తరచు సెన్సరు దాకా కొలిచినది గనుక, అందులోంచి మౌంటు దూరాన్ని తీసివేస్తే లెన్సు అసలు పొడవు వస్తుంది. ఆ పొడవు మీ సంచిలో పడుతుందా లేదా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

కంపెనీ స్వయంగా చెప్పిన మాట పేటెంటు కన్నా ఎంతో బలమైనది, అయితే అది కూడా తేదీ కాదు. నికాన్ 2019లో విడుదల చేసిన, తన మిర్రర్‌లెస్ కెమెరాల జడ్ మౌంటుకు రాబోయే లెన్సుల పట్టికలో 200-600 ఉంది. అది చేతికందే వస్తువుగా ప్రకటితమైనది 2023 జూనులో, అదీ 180-600గా. అధికారిక ప్రకటనను నమ్మినవారే దాదాపు నాలుగేళ్ళు ఎదురు చూశారు. కెమెరాల విషయంలో రేడియో అనుమతుల రిజిస్ట్రేషన్లు ముందే బయటపడి మంచి సూచన ఇస్తాయి, ఎందుకంటే వాటిలో వైఫై, బ్లూటూత్ ఉంటాయి. లెన్సుల్లో సాధారణంగా అవి ఉండవు కనుక ఆ దారి మూసుకుపోయినట్టే. దుకాణంలో స్టాకు లేకపోవడాన్ని, పండుగ తగ్గింపులను నేను సూచనలుగా లెక్కించను. దసరా, దీపావళికి తగ్గింపులు ఎలాగూ వస్తాయి. తయారీ ఆపివేసినట్టు కంపెనీ చెబితే మాత్రం అది గట్టి సూచన. లెన్సు వయసు చాలా బలహీనమైన ఆధారం. కానన్ 100-400 పదహారేళ్ళు నడిచింది, నికాన్ 80-400 2000 నుంచి 2013 దాకా నడిచింది, సోనీ 70-200 ఎఫ్/2.8 జీఎం మాత్రం 2016లో వచ్చి 2021కే రెండవ రూపం తెచ్చుకుంది.

కొత్త రూపం అంటే ఏ మేరకు కొత్తది అన్న ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఆ సోనీ లెన్సు బరువు 1,480 గ్రాముల నుంచి 1,045 గ్రాములకు దిగింది. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా కెమెరా భుజాన మోసేవారికి ఇది ఆగదగిన మార్పు. కానన్ 100-400 రెండవ రూపంలో కనిష్ఠ ఫోకస్ దూరం 1.8 మీటర్ల నుంచి 0.98 మీటర్లకు తగ్గింది. తూనీగలు, సీతాకోకచిలుకలు తీసేవారికి అది దాదాపు వేరే లెన్సు. మరోవైపు 2018లో వచ్చిన కానన్ ఇఎఫ్ 70-200 ఎఫ్/2.8 మూడవ రూపంలో అద్దాల అమరిక 2010 నాటిదే, ప్రధానంగా మారినవి వాటి మీది పూతలు. దాని కోసం రెండవ రూపం కొనకుండా ఆగినవారికి దక్కినది స్వల్పం. కొన్నిసార్లు కొత్తది పాతదాన్ని తొలగించకుండా పక్కనే నిలుస్తుంది: కానన్ ఆర్‌ఎఫ్ 70-200 ఎఫ్/2.8కు తోడుగా 2024లో వచ్చిన జడ్ రూపం (నికాన్ జడ్ మౌంటుతో దీనికి సంబంధం లేదు) జూమ్ చేసినా పొడవు పెరగదు, ఫోకల్ లెంగ్త్ పెంచే టెలికన్వర్టర్లు తీసుకుంటుంది, కానీ మొదటిది దానితో పాటే అమ్మకంలో కొనసాగింది.

మౌంటు మారడం అన్నిటికన్నా పెద్ద మార్పు. ఇఎఫ్ 100-400కు మూడవ రూపం కోసం చూసినవారి ముందుకు 2020లో ఆర్‌ఎఫ్ 100-500 వచ్చింది. అది డిఎస్‌ఎల్‌ఆర్ బాడీకి తగలదు, పైగా చివరి అంచున దాని అపెర్చర్ ఎఫ్/7.1. కాబట్టి కొత్త లెన్సు ధరను లెక్కించేటప్పుడు దానికి కావలసిన బాడీ ధరను కూడా కలపండి. మీది డిఎస్‌ఎల్‌ఆర్ అయి, దాన్ని మార్చే ఉద్దేశం లేకపోతే ఎదురు చూడవద్దనే నా సలహా. ఇఎఫ్ లెన్సును రేపు అడాప్టరుతో ఆర్‌ఎఫ్ బాడీ మీద పూర్తి ఆటోఫోకస్‌తో వాడుకోవచ్చు. నికాన్‌లో మాత్రం జాగ్రత్త అవసరం: లోపల మోటారు లేని 2000 నాటి 80-400 వంటి లెన్సులు, వాటిని జడ్ బాడీకి తగిలించే ఎఫ్‌టీజడ్ అడాప్టరు మీద చేతితో ఫోకస్ చేయవలసిందే.

ఇప్పుడు డబ్బు లెక్క. ఉదాహరణకు లెన్సు లక్షన్నరకు కొన్నారనీ, రెండేళ్ళకు కొత్తది వచ్చాక మీది లక్షకు అమ్ముడుపోయిందనీ అనుకుందాం. ఆ యాభై వేలు ఇరవై నాలుగు నెలలకు పంచితే నెలకు రెండు వేల చిల్లర. ఆ మొత్తాన్ని, లెన్సును అద్దెకు తెచ్చుకుంటే అయ్యే ఖర్చుతో పోల్చండి. ఏడాదిలో మూడు నాలుగు రోజులే అవసరమైతే అద్దె మేలు. నెలకు నాలుగు పెళ్ళిళ్ళుంటే కొనడమే మేలు. ఆగాలనే అనుకుంటే ఒక గడువు పెట్టుకోండి, అది మీ కాగితం మీది మొదటి ముఖ్యమైన రోజుకు నెల ముందు ఉండాలి. కొత్త లెన్సు చేతికి అలవాటు కావడానికి ఆ నెల కావాలి. గడువు నాటికి కంపెనీ నుంచి ధరతో, అమ్మకపు తేదీతో ప్రకటన రాకపోతే ఇప్పుడున్నదే కొనండి. ప్రకటన వచ్చినా, మొదటి విడత సరుకు మన ఊరి దుకాణానికి చేరే రోజును డీలరును అడిగి గానీ నిర్ణయం మార్చుకోవద్దు.

ప్రకటన వెలువడిన తరువాతి వారాలు సెకండ్ హ్యాండ్ కొనేవారికి మంచి సమయం, ఎందుకంటే కొత్తదానికి మారేవారు పాతవాటిని అమ్మకానికి పెడతారు. మన కృష్ణా తీరపు ఉక్కలో సంచిలో పెట్టి మరచిన లెన్సుకు ఫంగస్ పట్టడం మామూలే కనుక, వెనుక నుంచి టార్చి వేసి ముందు వైపు నుంచి లోపలి అద్దాలన్నీ చూడండి. సాలెగూడు వంటి పోగులు కనబడితే వదిలేయండి. లెన్సును కిందికి వంచి జూమ్ దానంతట అదే జారుతోందేమో గమనించండి. తరువాత పదిహేను మీటర్ల దూరంలో అక్షరాలున్న ఒక బోర్డును ట్రైపాడ్ మీద నుంచి, నిశ్చలీకరణ ఆపి, చివరి ఫోకల్ లెంగ్త్‌లో పూర్తి అపెర్చర్‌తో తీయండి. బోర్డును ఫ్రేములో నాలుగు మూలలకూ మార్చి, ప్రతిసారీ కొత్తగా ఫోకస్ చేసి తీయాలి. ఈ పరీక్షకు ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్ళి అవతలి ఒడ్డును తీయవద్దు. ఎండెక్కితే ఇసుక మీది వేడిగాలి కదలికకు ఎంత మంచి లెన్సయినా మెత్తగా కనబడుతుంది, లోపం ఎవరిదో తెలియదు. సూర్యోదయం తరువాతి గంటలో, దగ్గరి వస్తువు మీద చేసిన పరీక్షనే నమ్మండి, నాలుగు మూలల్లో ఒకటి మిగతావాటి కన్నా స్పష్టంగా మసకబారితే ధర ఎంత తగ్గించినా ఆ లెన్సు తీసుకోవద్దు.