డిజిటల్ బ్యాక్ కొనే ముందు మీ ఫైళ్లలో లోపం వెతకండి

స్టూడియోకి డిజిటల్ బ్యాక్ (కెమెరా వెనక ఫిల్మ్‌కి బదులు తగిలించే సెన్సర్ యూనిట్) అనగానే అందరూ మెగాపిక్సెళ్లు అడుగుతారు. నేనైతే ముందు మీ ఫైళ్లు చూపించమంటాను. మీకు ఇబ్బంది ఎక్కడొస్తోందో తెలిస్తే ఏ బ్యాక్ కావాలో సగం తేలిపోతుంది.

బట్ట మీద రంగు చారలు

ఫైలును 100 శాతానికి పెంచండి. బూడిద రంగు కోటు భుజం మీద గులాబీ, ఆకుపచ్చ అలలు కనిపిస్తే అది మోరే. నేతలోని పోగుల వరుస, సెన్సర్‌లోని పిక్సెళ్ల వరుస దాదాపు ఒకే సైజులో పడితే ఇది పుడుతుంది. ఈ బ్యాక్‌లలో సాధారణంగా లో-పాస్ ఫిల్టర్ (సన్నని వివరాలను కాస్త మసకబరిచి ఈ చారలను తగ్గించే పొర) ఉండదు. మనం ఇష్టపడే ఆ షార్ప్‌నెస్ వచ్చేదీ అందుకే.

ముందు కెమెరాను కాస్త వెనక్కో ముందుకో జరపండి. చాలాసార్లు అంతే చాలు. అపర్చర్‌ను ఎఫ్/16 దాకా మూసినా తగ్గుతుంది, కానీ షార్ప్‌నెస్ కూడా పోతుంది. రోజూ బట్టలే తీసేవాళ్లకు పిక్సెళ్లు ఎక్కువున్న బ్యాక్ మీద పెట్టే డబ్బు వృథా కాదు. బట్ట బల్ల మీద కదలకుండా ఉంటే మల్టీ-షాట్ ఇంకా మేలు. సెన్సర్ ఒక్కో పిక్సెల్ చొప్పున జరుగుతూ 4 ఫ్రేములు తీస్తుంది కాబట్టి ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ నిజంగా కొలిచినవే. అదే బట్ట మోడల్ ఒంటి మీద ఉంటే కుదరదు, ఊపిరి తీసుకున్నా ఫ్రేములు కలవవు.

ఫ్రేమ్‌కి ఒక పక్క గులాబీ, ఇంకో పక్క ఆకుపచ్చ

టెక్నికల్ కెమెరా (లెన్స్‌ని, బ్యాక్‌ని విడివిడిగా జరపగలిగేది) మీద వైడ్ లెన్స్‌ని షిఫ్ట్ చేసినప్పుడు, అంటే పక్కకో పైకో జరిపినప్పుడు, వెలుతురు సెన్సర్ అంచున ఏటవాలుగా పడి ఈ రంగు తేడా వస్తుంది. లెన్స్ ముందు పాలరంగు ప్లేట్ అడ్డం పెట్టి, షిఫ్ట్, అపర్చర్ మార్చకుండా ఇంకో ఫ్రేమ్ తీయండి. క్యాప్చర్ వన్ సాఫ్ట్‌వేర్‌లో దానితో ఎల్‌సీసీ (లెన్స్ వల్ల వచ్చే రంగు తేడాను సరిచేయడం) చేస్తే రంగు సరిపోతుంది. షిఫ్ట్ మారిన ప్రతిసారీ మళ్లీ తీయాలి. ఇదే మీ రోజువారీ పనైతే ఏటవాలు వెలుతురును బాగా పట్టుకునే బ్యాక్-ఇల్యూమినేటెడ్ సెన్సర్ ఉన్నదే చూడండి. ఫేజ్ వన్ ఐక్యూ4 150 అలాంటిదే.

పాత లెన్స్ ఇరుకైపోయింది

6×6 ఫిల్మ్ ఫ్రేమ్ 56×56 ఎంఎం. హాసెల్‌బ్లాడ్ సీఎఫ్‌వీ 100సీ బ్యాక్ సెన్సర్ సుమారు 44×33 ఎంఎం. అందుకే 80 ఎంఎం నార్మల్ లెన్స్ కాస్త టెలీలా, అంటే తక్కువ భాగాన్నే దగ్గరగా చూపేలా, పనిచేస్తుంది. పోర్ట్రెయిట్‌కి హాయే. నిలువెత్తు ఫోటోలకు స్టూడియోలో వెనక్కి జరిగే చోటు లేకపోతే 50 ఎంఎం ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

టెథర్ మధ్యలో తెగిపోతోంది

బ్యాక్‌ని అనుమానించే ముందు దాన్ని కంప్యూటర్‌కి కలిపే కేబుల్ మార్చండి. మరీ పొడవైనది వద్దు.

డెమోకి మీ లెన్స్, మీకు తలనొప్పి తెచ్చిన బట్ట తీసుకెళ్లండి. రా (RAW) ఫైళ్లు అడిగి తెచ్చుకుని మీ మానిటర్ మీదే చూడండి.