రెండు మారుమూల దీవుల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కకట్టడం ఎలా?

దూరం లెక్క సులువే, అసలు చిక్కంతా సమయంతోనే. చిలీకి చెందిన ఈస్టర్ దీవి నుంచి ఫ్రెంచ్ పాలినేషియాలోని తాహితికి లెక్క వేసి చూద్దాం. ఈ రెండింటి మధ్యా దాదాపు అంతా పసిఫిక్ మహాసముద్రమే.

మొదట విమానాశ్రయం కోడ్ చూసుకోండి. దీవి పేరు ఒక్కటే నమ్ముకుంటే దెబ్బతింటారు. క్రిస్మస్ దీవి హిందూ మహాసముద్రంలో ఒకటుంది (ఎక్స్‌సీహెచ్), కిరిబాటి దేశంలో ఇంకొకటుంది (సీఎక్స్‌ఐ). మనకు కావలసినవి ఈస్టర్ దీవిలోని మటవేరి (ఐపీసీ), తాహితిలోని పపీటే (పీపీటీ).

తర్వాత అక్షాంశ, రేఖాంశాలు రాసుకోండి. మటవేరి 27.16 దక్షిణం, 109.42 పడమర. పపీటే 17.56 దక్షిణం, 149.61 పడమర. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. వాటి కొసైన్‌లను, రేఖాంశాల తేడా కొసైన్‌ను ఒకదానితో ఒకటి గుణించండి. ఈ రెండు ఫలితాలనూ కూడి విలోమ కొసైన్ తీస్తే సుమారు 38.2 డిగ్రీలు వస్తుంది. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున దూరం దాదాపు 4,250 కిలోమీటర్లు. గూగుల్ ఎర్త్‌లో కొలిచినా ఇంతే రావాలి. చదునైన మ్యాప్ మీద మాత్రం స్కేలు పెట్టకండి, భూమి వంపు అందులో కనబడదు.

ఇక సమయం. జెట్ విమానానికి గంటకు 850 కిలోమీటర్లు అనుకుంటే 5 గంటలు. విమానం రన్‌వే దాకా వెళ్లడానికి, పైకి ఎక్కడానికి, దిగడానికి ఇంకో అరగంట కలపండి. దగ్గరి దీవుల మధ్య తిరిగే ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానమైతే వేగం 500 దగ్గరే వేసుకోవాలి. ఈ దారిలో పై ఎత్తున గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది కాబట్టి తాహితి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. పైగా రెండు ఇంజన్ల విమానం అత్యవసరంగా దిగగల విమానాశ్రయానికి అనుమతించిన సమయంలో చేరేలా ఉండాలి. అందుకోసం దారి కాస్త వంగినా వంగవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ దారిలో విమానం నడుస్తోందో లేదో చూడటం. 2020కి ముందు లాటామ్ సంస్థ శాంటియాగో నుంచి ఈస్టర్ దీవి మీదుగా తాహితికి నడిపేది. నేరు విమానం లేకపోతే 4,250 అన్న అంకె మీకు అక్కరకు రాదు. ముందు దాదాపు 3,750 కిలోమీటర్లు వ్యతిరేక దిశలో శాంటియాగోకి వెళ్లాలి. అక్కడి నుంచి ఒక్కో విడతనూ, మధ్యలో ఆగే గంటలనూ విడివిడిగా కూడుకోండి. వారానికి ఒకటి రెండు విమానాలే ఉంటే ఆ ఆగడం రోజుల్లోకి వెళుతుంది.

చివరగా గడియారం. సమోవాలోని ఫలెయోలో నుంచి అమెరికన్ సమోవాలోని పాగో పాగోకి 150 కిలోమీటర్లే. కానీ మధ్యలో అంతర్జాతీయ దినరేఖ ఉంది. సోమవారం ఉదయం బయల్దేరితే ఆదివారం ఉదయం దిగుతారు. టికెట్ మీది రెండు సమయాలనూ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మార్చుకున్నాకే తీసివేత చేయండి, గది బుక్ చేసేటప్పుడు చేరే చోటి తేదీనే వేయండి.