హాట్‌పాట్ ముందు కూర్చునే నల్లగొండ, పాలమూరు ప్రయాణికులకు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి విదేశాల్లో ఉన్న పిల్లలను చూడడానికి వెళ్లిన తల్లిదండ్రులను ఆ పిల్లలు ఒక పూటైనా హాట్‌పాట్ హోటల్‌కు తీసుకువెళ్తుంటారు. బల్ల మధ్యలో పొయ్యి మీద సూప్ మరుగుతూ ఉంటుంది, పలుచగా కోసిన పచ్చి మాంసం, ఆకుకూరలు, పుట్టగొడుగులు, తామర దుంపలు పళ్లేల్లో వస్తాయి, ఉడికించుకునే పని మాత్రం తినేవారిదే. అందువల్ల కారానికి జంకనివారు కూడా కొన్ని విషయాలు ముందే తెలుసుకోవడం మంచిది.

మొదట సూప్ సంగతి తేల్చుకోవాలి. చైనాలోని చోంగ్‌చింగ్ పద్ధతి ఎర్ర సూప్‌ను సంప్రదాయంగా గొడ్డు కొవ్వుతో తయారు చేస్తారు కనుక, పెద్దకూర తినని కుటుంబాలు పైన తేలే ఎర్రదనమంతా మిరప నూనేనని అనుకోకూడదు. టమాటా సూప్, పుట్టగొడుగుల సూప్ అని రాసి ఉన్నవాటిలోనూ కోడి ఎముకలు గాని, పంది ఎముకలు గాని వేసి మరిగించిన నీళ్లు ఉండవచ్చు. ఏమేమి తినరో ఫోన్‌లో స్థానిక భాషలోకి మార్చి, ఆర్డర్ ఇవ్వకముందే చూపించాలి. రెండు అరల గిన్నె తెప్పించుకున్నా, సూప్ పొంగి అటుది ఇటు పడుతుంది, గరిటెలూ కలిసిపోతాయి. శాకాహారులకు వేరే చిన్న గిన్నె అడగడమే నా సలహా. తైవాన్‌లో మనిషికొక గిన్నె పెట్టే హోటళ్లు చాలా ఉన్నాయి. జపాన్‌లో షాబు షాబు అనే హాట్‌పాట్ సూప్‌ను తరచుగా సముద్రపు నాచుతోనే చేసినా, నంజుకునే సాస్‌లో చేపల సారం ఉండే అవకాశం ఎక్కువ.

ఎర్ర సూప్‌లో వేసే చైనా సిచువాన్ ప్రాంతపు మిరియాల ఘాటు మన మిరపకాయ కారం లాంటిది కాదు. వాటిలోని సాన్షూల్ అనే పదార్థం పెదవులను, నాలుకను తిమ్మిరెక్కిస్తుంది. తిమ్మిరెక్కిన నోటికి వేడి సరిగా తెలియక కాలే ప్రమాదం ఉంది. ముక్కను గిన్నెలోంచి నేరుగా నోట్లో పెట్టుకోకుండా పళ్లెంలో కాసేపు ఆరనివ్వాలి. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి పానీయాలు క్యాన్సర్‌కు బహుశా కారణమవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో ప్రకటించింది, మరిగే సూప్ వేడి అంతకంటే చాలా ఎక్కువ. కారం మండితే నీళ్లకంటే చల్లని పాలు మేలు చేస్తాయి.

అసలు జాగ్రత్త మాంసం దగ్గరే కావాలి. పచ్చి మాంసం తీసే పట్టుకారు వేరు, నోట్లో పెట్టుకునే చాప్‌స్టిక్స్ వేరుగా ఉండాలి, హోటల్ వారు ఒకటే ఇస్తే ఇంకొకటి అడిగి తీసుకోవాలి. పళ్లెం మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే సూప్ చల్లబడి మాంసం అరకొరగా ఉడుకుతుంది. కొద్దికొద్దిగా వేసి, ప్రతిసారీ తిరిగి మరిగేదాకా ఆగాలి. పలుచని మాంసం ఎరుపు పూర్తిగా పోయేదాకా, రొయ్యలు లోపలి దాకా తెల్లబడేదాకా ఉంచాలి. కోడి మాంసం లోపల 74 డిగ్రీలకు చేరాలి కనుక దానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. గడ్డకట్టిన చేప ఉండలు పైకి తేలిన తరువాత కూడా మరికొన్ని నిమిషాలు మరగాలి. మన ఇళ్లలో బోటీని కుక్కర్‌లో ఎన్నో కూతలు రానిచ్చి తింటాము. అక్కడ పశువు పొట్ట ముక్కలను కొన్ని క్షణాలు ముంచి తీయడమే రుచి అంటారు. ఆ విషయంలో వారి పద్ధతికి మొహమాటపడవలసిన అవసరం లేదు, ఇంకాసేపు ఉడికించుకోవచ్చు. జపాన్‌లో సుకియాకి అనే హాట్‌పాట్‌లో నంజుకునే పచ్చి గుడ్డును గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు మానుకోవాలి.

రుచి విషయానికి వస్తే, మాంసం వేయకముందే తేట సూప్ చిన్న గిన్నెడు తాగడం ఉత్తమం, చివరికి అది మరిగి మరిగి ఉప్పెక్కుతుంది. ఆకుకూరలు, టోఫు (సోయా పాల పనీర్) కారపు నూనెను పీల్చుకుంటాయి కనుక వాటిని తేట సూప్‌లోనే వేసుకోవాలి. నువ్వుల నూనె, వెల్లుల్లి కలిపి నంజుకుంటే కారం తగ్గుతుంది. పల్లీలు, నువ్వులు, రొయ్యలు పడనివారు ప్రతి సాస్‌నూ అడిగి తెలుసుకోవాలి.

రక్తపోటు ఉన్నవారు సూప్‌ను తాగకుండా ముక్కలే తినాలి. షుగర్ మాత్ర భోజనానికి ముందు వేసుకునేవారు, మొదటి ముద్దకు చాలా సమయం పట్టవచ్చని గుర్తుంచుకొని, తిండి చేతికి వచ్చే వేళను బట్టి ఎలా వేసుకోవాలో వైద్యుని ముందే అడగాలి. మరునాటి తెల్లవారుజామున విమానం ఉంటే రాత్రి కాకుండా మధ్యాహ్నమే హాట్‌పాట్ పెట్టుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ తాగాలి, జ్వరం గాని మలంలో రక్తం గాని కనిపిస్తే ఆలస్యం చేయకుండా అక్కడి వైద్యుని వద్దకు వెళ్లాలి.