సెట్టింగుల ఫైళ్లను నిర్వహించే టూల్‌ను సొంతంగా రాసుకోవడం

లినక్స్, మ్యాక్ యంత్రాలలో షెల్, ఎడిటర్, గిట్ వంటి ప్రోగ్రాములు తమ సెట్టింగులను మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంచుకుంటాయి. పాత ప్రోగ్రాముల ఫైళ్లు హోమ్ డైరెక్టరీలోనే చుక్కతో మొదలయ్యే పేర్లతో ఉంటాయి కనుక వీటికి డాట్‌ఫైళ్లన్న పేరు స్థిరపడింది; సెట్టింగుల ఫైళ్లు ఎక్కడ ఉండాలో చెప్పే ఎక్స్‌డీజీ ప్రమాణాన్ని పాటించే కొత్త ప్రోగ్రాములు వాటిని డాట్ కాన్ఫిగ్ డైరెక్టరీలో పెడతాయి. ఏళ్ల తరబడి ఒక్కొక్క పంక్తిగా సరిదిద్దుకున్న ఈ ఫైళ్లను అన్ని యంత్రాల మీదా ఒకేలా ఉంచడానికి జీఎన్‌యూ స్టో, షేమ్వా వంటి మంచి టూల్స్ ఇప్పటికే ఉన్నాయి. అయినా ఇది కొన్ని వందల పంక్తుల పైథాన్‌తో పూర్తయ్యే పని, పైగా సొంతంగా రాసుకున్న టూల్ మన ఫైళ్లను ఎప్పుడు తాకుతుందో, ఎప్పుడు తాకకుండా ఆగుతుందో మనకు పూర్తిగా తెలిసి ఉంటుంది. ఇలాంటి టూల్‌కు మొదటి బాధ్యత, చేత్తో చేసిన ఏ మార్పునూ చెప్పకుండా చెరిపివేయకపోవడమే. కింద చెప్పే నిర్ణయాలన్నీ దాని నుంచే వచ్చాయి.

ముందుగా ఒక గిట్ రిపాజిటరీలో (ఫైళ్లను వాటి మార్పుల చరిత్రతో సహా దాచే చోటులో) అసలు ఫైళ్లను, వాటితోపాటు ఒక జాబితా ఫైలును పెట్టాలి. జాబితాలో ప్రతి ఫైలుకూ అది రిపాజిటరీలో ఎక్కడుందో, హోమ్‌లో ఎక్కడికి చేరాలో, దాని అనుమతులేమిటో, ఏ యంత్రాలకు వర్తిస్తుందో రాయాలి. జాబితాను టామ్ల్ అనే సెట్టింగుల ఫైలు రూపంలో రాయడం మేలు, ఎందుకంటే పైథాన్ 3.11 నుంచి దాన్ని చదివే మాడ్యూల్ భాషతోపాటే వస్తోంది. కొత్త యంత్రం మీద మొట్టమొదట నడిచే ప్రోగ్రాము ఇదే కాబట్టి, ఇది బయటి ప్యాకేజీల మీద ఆధారపడకూడదు.

తరువాత తేల్చుకోవలసింది, హోమ్‌లో సింబాలిక్ లింకు (అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తు) పెట్టాలా, ఫైలును కాపీ చేయాలా అన్నది. లింకు పెడితే హోమ్‌లో చేసిన మార్పు నేరుగా రిపాజిటరీలోకే చేరుతుంది, అది నిజమైన సౌకర్యమే. కానీ కొన్ని ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలును రాసి, దాన్ని పాత పేరు మీదికి మారుస్తాయి; అప్పుడు లింకు పోయి దాని స్థానంలో మామూలు ఫైలు మిగులుతుంది, ఆపైన చేసే మార్పులేవీ రిపాజిటరీకి చేరవు, ఆ సంగతి ఎవరూ చెప్పరు. యంత్రాన్ని బట్టి మారవలసిన ఫైళ్లకు లింకు ఎలాగూ పనికిరాదు. అందుకే నేను కాపీనే సిఫారసు చేస్తాను.

కాపీని ఎంచుకున్నాక టూల్‌కు గుండెకాయ వంటి భాగం పోలిక. రిపాజిటరీలోని ఫైలును, హోమ్‌లోని ఫైలును మాత్రమే పోలిస్తే అవి వేరుగా ఉన్నాయని తెలుస్తుంది కానీ, మారింది ఏదన్నది తెలియదు. కాబట్టి టూల్ ఏదైనా ఫైలును హోమ్‌లో రాసిన ప్రతిసారీ అందులోని విషయానికి షా-256 హ్యాష్‌ను (విషయం కాస్త మారినా తానూ మారిపోయే వేలిముద్ర వంటి సంఖ్యను) లెక్కగట్టి ఒక నమోదు ఫైలులో భద్రపరచాలి. ఈ నమోదు ఆయా యంత్రానికే చెందినది గనుక రిపాజిటరీ బయట ఉండాలి. హోమ్‌లోని ఫైలు నమోదుతో సరిపోయి రిపాజిటరీలోది మాత్రమే మారి ఉంటే నిశ్చింతగా కొత్తది రాయవచ్చు. రిపాజిటరీలోది నమోదుతో సరిపోయి హోమ్‌లోది మారి ఉంటే అది మన చేతి మార్పు. టూల్ దాన్ని ముట్టకుండా, రిపాజిటరీలోకి తీసుకోమంటారా అని అడగాలి. హోమ్‌లోని ఫైలు కనిపించకపోయినా దాన్ని అలాంటి మార్పుగానే చూడాలి. రెండూ మారి, ఒకదానితో ఒకటి సరిపోకపోతే, తేడాను చూపించి ఆగిపోవాలి. నమోదే లేకుండా హోమ్‌లో వేరే విషయంతో ఫైలు ముందే ఉంటే, దాన్నీ ఈ కోవలోనే చేర్చాలి. కొత్త యంత్రం తనంతట తాను పెట్టిన బాష్‌ఆర్‌సీ (బాష్ షెల్ సెట్టింగుల) ఫైలు మొదటిసారే ఇలా ఎదురవుతుంది. తేడాను చూపడానికి పైథాన్‌లోని డిఫ్‌లిబ్ సరిపోతుంది.

రాసే పద్ధతిలోనూ జాగ్రత్త అవసరం. గమ్యం ఫైలును నేరుగా తెరిచి రాస్తే, మధ్యలో విద్యుత్తు పోయినప్పుడు సగం రాసిన ఫైలు మిగిలిపోవచ్చు. టెంప్‌ఫైల్ మాడ్యూల్‌లోని ఎంకేఎస్‌టెంప్‌తో గమ్యం ఉన్న డైరెక్టరీలోనే తాత్కాలిక ఫైలును సృష్టించి, విషయాన్ని రాసి, ఎఫ్‌సింక్‌తో డిస్కుకు చేర్చి, అనుమతులను సరిచేసి, చివరగా ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో అసలు పేరు మీదికి మార్చాలి. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఈ మార్పిడి అవిభాజ్యంగా జరుగుతుంది కనుక చదివే ప్రోగ్రాముకు పాత ఫైలో కొత్త ఫైలో పూర్తిగా కనిపిస్తుంది. వేరే డైరెక్టరీలో తాత్కాలిక ఫైలు పెడితే అది మరో ఫైల్‌సిస్టమ్‌లో ఉండే అవకాశం ఉంది, అప్పుడు ఈ హామీ ఉండదు.

అనుమతులను జాబితాలో విడిగా రాయమనడానికి కారణం, ఫైలును నడపవచ్చా లేదా అన్న ఒక్క గుర్తును తప్ప మిగతా అనుమతులను గిట్ గుర్తుంచుకోదు. ఇతరులు చదవకూడని ఫైలుకు 600 (యజమాని మాత్రమే చదవగల, రాయగల అనుమతి) అని జాబితాలో రాసి, టూల్ చేత అమలు చేయించాలి. అయితే పాస్‌వర్డులు, టోకెన్లు, ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేటు కీలు రిపాజిటరీలోకి అసలు రాకూడదు. పొరపాటున చేరినదాన్ని తరువాతి కమిట్‌లో తీసివేసినా చరిత్రలో అది అలాగే ఉంటుంది కాబట్టి, అలా బయటపడిన రహస్యాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే దారి.

యంత్రాల మధ్య తేడాల కోసం వెంటనే టెంప్లేట్లకు (ఖాళీలలో విలువలు నింపే నమూనా ఫైళ్లకు) వెళ్లవద్దు. గిట్‌కు 2.13 వెర్షన్ నుంచి షరతుతో కూడిన ఇంక్లూడ్ (మరో ఫైలును కలుపుకునే సూచన) ఉంది, ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులలోనూ ఇంక్లూడ్ ఉంది, షెల్ ఫైలు మరో ఫైలును పిలుచుకోగలదు. ఈ యంత్రానికే పరిమితమైన పంక్తులను అలాంటి విడి ఫైలులో పెట్టి రిపాజిటరీకి దూరంగా ఉంచితే చాలా అవసరాలు తీరిపోతాయి. అప్పటికీ టెంప్లేట్ తప్పనప్పుడు పైథాన్‌లోని స్ట్రింగ్ టెంప్లేట్‌ను వాడవచ్చు. కాకపోతే అది డాలర్ గుర్తును తన గుర్తుగా తీసుకుంటుంది, షెల్ ఫైళ్ల నిండా డాలర్ గుర్తులే ఉంటాయి, కాబట్టి దానికి మరో గుర్తును నిర్ణయించాలి. టెంప్లేట్ నుంచి పుట్టిన ఫైలుకు పోలిక, విలువలు నింపాక వచ్చిన విషయంతోనే జరగాలి. దానిలో చేత్తో చేసిన మార్పును టూల్ టెంప్లేట్‌లోకి తనంతట తాను తీసుకోలేదు గనుక తేడాను చూపి ఊరుకోవాలి.

కమాండ్లు మూడు చాలు: స్థితిని చూపేది, అమలు చేసేది, హోమ్‌లోని ఫైలును రిపాజిటరీలో చేర్చేది. ఏ కమాండూ ఇవ్వకుండా నడిపితే స్థితిని చూపడం తప్ప మరేమీ చేయకూడదు. పరీక్షకు హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఒక ఖాళీ డైరెక్టరీకి మళ్లించి అమలును రెండుసార్లు నడపాలి. రెండోసారి ఒక్క ఫైలు కూడా రాయకూడదు. ఆ తరువాత అక్కడి ఒక ఫైలును చేత్తో మార్చి మళ్లీ నడిపి, టూల్ దాన్ని ముట్టకుండా ఆగిందో లేదో చూడాలి. ఈ రెండు పరీక్షలూ నెగ్గాక, గిట్ సెట్టింగులు, బాష్‌ఆర్‌సీ అనే రెండు ఫైళ్లతో నిజమైన హోమ్ డైరెక్టరీలో మొదలుపెట్టి, మిగిలినవాటిని అవసరం వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు.