పర్లాఖిమిడి, గుణుపురం, బరంపురం వాళ్ళకి: మన ఎమ్మెల్యే క్యాండిడేట్ ఎలక్షన్ ఖర్చు లెక్క ఎలా చూడాలి?

ఎలక్షన్ అయ్యాక టీ కొట్టు దగ్గర అందరం "కోట్లు కుమ్మరించాడు" అనుకుంటాం గానీ ఆ క్యాండిడేట్ రాసిచ్చిన లెక్క తీసి చూసేవాళ్ళు చాలా తక్కువ. అది ఎవరైనా చూడొచ్చు, ఫీజు ఒక్క రూపాయి, 1961 ఎలక్షన్ రూల్స్‌లో 88వ రూల్ ఇదే చెప్తుంది.

ముందు లిమిట్ తెలుసుకోండి. 2022 నుంచి ఒడిశాలో అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు. నామినేషన్ రోజు నుంచి రిజల్ట్ రోజు దాకా ప్రతి ఖర్చూ రాయాలి, రిజల్ట్ వచ్చిన 30 రోజుల్లో కలెక్టర్ గారికి ఇవ్వాలి, ఆయనే జిల్లా ఎలక్షన్ ఆఫీసర్ కదా.

అసలు పని మాత్రం ప్రచారం టైములోనే ఉంది. మీ వీధిలో ఏ రోజు ఎన్ని ఆటోలు మైకులతో తిరిగాయి, సభకి ఎన్ని కుర్చీలు వేశారు, భోజనాలు పెట్టారా, ఇవన్నీ తేదీతో రాసుకోండి, ఫొటో తీసి ఉంచుకోండి. కుర్చీకి, టెంటుకి, సౌండ్ బాక్సుకి, టీకి కూడా జిల్లాలో రేట్ల లిస్టు ఉంటుంది, అది అడిగి తీసుకుంటే మీ నోట్సుతో మీరే లెక్క కట్టొచ్చు. డబ్బులు, మందు పంచుతుంటే అప్పటికప్పుడు ఫొటో తీసి ఎలక్షన్ కమిషన్ వాళ్ళ ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో పెట్టండి, గ్యాలరీలో ఉన్న పాత ఫొటో అందులో ఎక్కదు.

తర్వాత కలెక్టరేట్‌లో ఎలక్షన్ సెక్షన్‌కి వెళ్ళి ఆ లెక్క చూస్తామని రాసివ్వండి, కాపీలు కావాలంటే ఫీజు వేరే. లెక్క ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, ఒడియా మీడియంలో చదివిన మన పిల్లల్ని ఒకరిని తోడు తీసుకెళ్ళండి. రోజువారీ ఖర్చు, క్యాష్, బ్యాంకు రిజిస్టర్లు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే మనిషికి 10 వేలు దాటి క్యాష్ ఇచ్చినట్టుంటే అది తప్పే. విరాళాల దగ్గర ఎవరిచ్చారో పేర్లు చూడండి, రేపు ఊళ్ళో రోడ్డు కాంట్రాక్టు ఎవరికొచ్చిందో చూసినప్పుడు ఆ పేర్లు పనికొస్తాయి.

ఒక చిక్కుంది, పార్టీ సొంతంగా పెట్టే ఖర్చుకి లిమిట్ లేదు, స్టార్ క్యాంపెయినర్ (పార్టీ తన లిస్టులో పెట్టిన పెద్ద ప్రచారకుడు) ప్రయాణం ఖర్చు కూడా క్యాండిడేట్ లెక్కలోకి రాదు, ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ ఆ స్టార్ క్యాంపెయినర్ సభలో క్యాండిడేట్ కూడా స్టేజీ ఎక్కితే సభ ఖర్చులో వాటా అతని ఖాతాలో పడాలి, అక్కడ గట్టిగా చూడండి. పార్టీకి 20 వేలు దాటి ఇచ్చినవాళ్ళ పేర్లు ఎలక్షన్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటాయి.

సర్పంచ్, జిల్లా పరిషత్ ఎన్నికలైతే రాష్ట్ర ఎన్నికల సంఘం వేరు, దాని లిమిట్లు వేరు, బ్లాక్ ఆఫీసులో అడగండి.

తేడా దొరికితే మీ నోట్సు, ఫొటోలు జతచేసి కలెక్టర్‌కి రాయండి, ఒక కాపీ భువనేశ్వర్‌లో చీఫ్ ఎలక్టోరల్ ఆఫీసర్‌కి పంపండి, రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.