వుడ్ స్టవ్ రాత్రింబవళ్లు మండించడం ఎప్పుడు మొదలుపెట్టాలి? సమస్య - పరిష్కారం

న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మెయిన్, అప్‌స్టేట్ న్యూయార్క్ వైపు ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి ఇంటితో పాటే ఒక వుడ్ స్టవ్, అంటే ఇల్లు వెచ్చబెట్టే కట్టెల పొయ్యి, కూడా వస్తుంది. ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్‌కి మొదటి బిల్లు చూశాక దాని మీదికి మనసు మళ్లుతుంది. అక్టోబర్‌లో అంటిస్తే ఏప్రిల్ దాకా ఆరనివ్వకూడదని కొందరు పంతం పడతారు. చిక్కులు అక్కడే మొదలవుతాయి.

అసలు లెక్క ఇది. పొగ లేకుండా మండగల అతి చిన్న మంట నుంచి కూడా కొంత వేడి వస్తుంది. ఇల్లు గంటగంటకీ పోగొట్టుకునే వేడి అంతకన్నా తక్కువగా ఉన్నన్నాళ్లూ స్టవ్‌ని మధ్యమధ్యలో ఆరనివ్వాలి. ఎక్కువైన రోజు నుంచి ఆపాల్సిన పని లేదు. కింద చెప్పిన ఇబ్బందుల్లో సగం ఈ లెక్క చూసుకోకపోవడం వల్ల వచ్చేవే.

ఇల్లంతా ఉక్క. గాలి తగ్గిస్తే అద్దం నల్లబడుతోంది

కారణం: తొందరపడి మొదలుపెట్టారు. బయట 45 డిగ్రీల ఫారెన్‌హీట్ (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే) ఉన్నప్పుడు ఇంటికి ఆ మంట అక్కర్లేదు. వేడి తట్టుకోలేక గాలి కంతని మూసేస్తారు, కట్టె మండటం మాని రగులుతుంది, కాలని పొగ చల్లటి గొట్టంలో క్రియోసోట్ అనే తారులాంటి మడ్డిగా పేరుకుంటుంది. చిమ్నీ మంటలకి మూలం ఇదే. అద్దం మీది నలుపు దానికి ముందస్తు కబురు.

పరిష్కారం: మీ ఇంటి లెక్క పాత ఆయిల్ బిల్లుల్లోనే ఉంది. గాలన్ హీటింగ్ ఆయిల్‌లో సుమారు 1,38,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది. ఆ ఆయిల్‌ని కాల్చే బాయిలర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే ఇంటికి దక్కేది 1,18,000 దాకా. అదే బాయిలర్ స్నానాల నీళ్లు కూడా కాస్తుంటే వేసవిలో రోజుకి ఎంత కాలిందో చూసి అది తీసెయ్యండి. మిగిలింది రోజుకి 3 గాలన్లు అయితే ఇంటికి రోజుకి మూడున్నర లక్షల బీటీయూలు కావాలన్నమాట. బాగా ఎండిన గట్టి కట్టె, గొట్టంలో పోయేది పోగా, పౌనుకి 5 వేల బీటీయూల దాకా ఇస్తుంది. అంటే 70 పౌన్ల కట్టె. మూడు ఘనపుటడుగుల స్టవ్‌లో ఒక్కసారికి 35, 40 పౌన్లు పడతాయి కాబట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండు లోడ్లు సరిపోతాయి. రోజంతా మండించే కాలం అది. గాలన్నరతో సరిపోయే అక్టోబర్ రోజుకి ఒక్క లోడు చాలు, రెండోది వేస్తే కిటికీలు తెరుచుకోవాలి.

లెక్కలొద్దనుకుంటే ఇల్లే చెబుతుంది. సాయంత్రం బాగా మండించి పడుకుంటే, తెల్లారేసరికి నిప్పులు మిగిలి ఉండి కూడా గదిలో వేడి నాలుగైదు డిగ్రీలు పడిపోతుంటే, పగలు కూడా బయట 35 దాటని రోజులు వరసగా వస్తుంటే, ఇక మొదలుపెట్టొచ్చు. వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ చుట్టుపక్కల అది మామూలుగా డిసెంబర్ మాట. అప్పటిదాకా చిన్న కట్టెలతో పొద్దునొకటి, సాయంత్రమొకటి పెద్ద మంటగా మండించి పూర్తిగా ఆరిపోనివ్వండి. క్యాటలిస్టు ఉన్న స్టవ్ అయితే తక్కువ మంటలో కూడా పొగని కాల్చేస్తుంది కనుక ఒకట్రెండు వారాలు ముందే దిగొచ్చు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఈ లెక్కలన్నీ పక్కకి పోతాయి, వాళ్లకి సెప్టెంబర్‌లోనే చలి. వాళ్ల గదిలో ఒక చిన్న ఎలక్ట్రిక్ హీటర్ పెట్టండి. ఒక్క గది కోసం స్టవ్‌ని రోజంతా రగిలించడం కన్నా అదే చవక.

తలుపు తీస్తే పొగ గదిలోకి వస్తోంది

కారణం రెండు రకాలు. మొదటిది వాతావరణం. గొట్టంలో గాలి పైకి లాగాలంటే లోపలి గాలికీ బయటి గాలికీ వేడిలో తేడా ఉండాలి. బయట వెచ్చగా ఉన్న రోజు ఆ లాగుడు బలహీనపడుతుంది. ఇంటి బయటి గోడ వెంట కట్టిన చిమ్నీ అయితే మరీను.

రెండోది మన వంటగది. తాలింపు ఘాటుకి వంట పొయ్యి మీది హుడ్ ఫ్యాన్ పూర్తి జోరులో పెడతాం. అది ఇంట్లోంచి తోసేసిన గాలికి బదులు ఎక్కడో అక్కడి నుంచి గాలి రావాలి. కొత్తగా, బిగుతుగా కట్టిన ఇళ్లలో దానికి దొరికే దారి చిమ్నీయే. బట్టల డ్రయ్యర్ కూడా ఇదే పని చేస్తుంది.

కట్టె వేసే ముందు హుడ్ ఆపండి, స్టవ్‌కి దగ్గరున్న కిటికీ ఒక అంగుళం తెరవండి. గాలి కంత పూర్తిగా తీసి ఒక నిమిషం ఆగి, తలుపు ముందు కొంచెమే తెరిచి, తరవాత మొత్తం తీయండి. మాటిమాటికీ ఇదే జరిగితే స్టవ్‌కి బయటి గాలి గొట్టం పెట్టించుకోవాలి. చిమ్నీ పొడవు కూడా చూపించండి. కప్పు దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు, 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తు ఉండాలన్నది నియమం. కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా లేకుండా రాత్రి మంట పెట్టకండి. దీనికి మినహాయింపు లేదు.

రాత్రి నిండా పెట్టినా తెల్లారేసరికి బూడిదే

ముందు తలుపు చుట్టూ ఉన్న తాడు గాస్కెట్ చూడండి. స్టవ్ చల్లగా ఉన్నప్పుడు ఒక డాలర్ నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి. ఏ పట్టూ లేకుండా జారి వచ్చిన చోట గాలి దూరుతోంది. మీరు కంత ఎంత మూసినా ఆ సందులోంచి మంటకి గాలి అందుతూనే ఉంటుంది, ఎనిమిది గంటల లోడు నాలుగు గంటల్లోనే అయిపోతుంది. గాస్కెట్ మార్చడం కష్టమేమీ కాదు, చవక కూడా.

నోటు అంతటా బిగుతుగా ఉంటే పెట్టే పద్ధతి చూసుకోండి. నిప్పులన్నీ తలుపు దగ్గరికి లాగి, వెనక పెద్ద దుంగలు సందు లేకుండా పేర్చండి. కంత పూర్తిగా తెరిచి పావుగంట, ఇరవై నిమిషాలు మండనివ్వండి, దుంగల ముఖాలన్నీ నల్లగా కాలేదాకా. అప్పుడు ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో గాలి తగ్గించండి. అరగంట తరవాత బయటికెళ్లి చిమ్నీ చూడండి. వేడికి గాలి అలలాడుతున్నట్టు కనిపించాలి, లేదా బయటికొచ్చిన కాసేపటికే మాయమయ్యే తెల్లటి ఆవిరి రావాలి. నీలంగా, బూడిదరంగుగా కిందికి వాలే పొగ అయితే గాలి ఎక్కువ తగ్గించారు. మన ఊళ్లలో రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి తెల్లారేదాకా దాచుకునేవాళ్లు. అది కాలిపోయిన నిప్పులకి సరిపోతుంది. పచ్చిమంట మీదున్న కొత్త కట్టెకి ఊపిరాడకుండా చేస్తే వచ్చేది క్రియోసోటే.

ఒంటి పొర గొట్టం మీద అయస్కాంతపు థర్మామీటర్ ఒకటి అంటించండి. పైముఖం 250కీ 475కీ మధ్య ఉంటే మంచిది.

కట్టె బుసబుసమంటోంది, కోసిన చివర నురగ కడుతోంది

తడి కట్టె. దాంతో రోజంతా మండించే ఆలోచనే పెట్టుకోకండి. ‘సీజన్డ్’ అని అమ్మినవాడి మాట కాదు, తేమ కొలిచే మీటర్ మాట నమ్మండి. దుంగని అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మీద మీటర్ ముళ్లు గుచ్చి చూడాలి. 20 శాతం లోపుండాలి. పాత ముఖం మీద గుచ్చితే 15 చూపించిన దుంగే లోపల 28 ఉండొచ్చు. ఓక్ చీల్చాక రెండేళ్లు ఎండాలి. ఆష్‌కి ఒక్క వేసవి చాలు. 2002లో మిషిగన్‌లో బయటపడ్డ ఎమరాల్డ్ ఆష్ బోరర్ పురుగు వల్ల ఆష్ చెట్లు ఎండిపోతున్నాయి కనుక ఆ కట్టె దొరకడమూ తేలికే. ఐతే పురుగు పాకకుండా కట్టె రవాణా మీద ఆంక్షలున్నాయి, దగ్గర్లోనే కొనండి. ఈ ఏడాదికి తడి కట్టే గతి అయితే రంపపు పొట్టుతో ఒత్తి చేసిన ఇటుకలు కలిపి మండించండి, పగలు మాత్రమే.

జనవరిలో నిప్పులు గుట్టగా పేరుకుంటున్నాయి, ఇల్లు మాత్రం చల్లబడుతోంది

కారణం: చలికి భయపడి, పాత నిప్పులు కాలకముందే కొత్త కట్టె వేస్తున్నారు. పొయ్యి సగం నిప్పులతో నిండిపోతే కట్టెకి చోటుండదు. నిప్పులు వేడిగానే ఉంటాయి గానీ మంటంత వేడి ఇవ్వవు.

పరిష్కారం: నిప్పుల్ని ముందుకి లాగి, పైన ఒక సన్నటి పైన్ ముక్క పెట్టి, గాలి బాగా తెరవండి. గంటలో గుట్ట కరుగుతుంది, ఆ గంటంతా వేడీ వస్తుంది. సున్నాకి దిగిన రాత్రుల్లో ఇది కూడా చాలకపోతే ఆ స్టవ్ మీ ఇంటికి చిన్నది. ఆ కొన్ని రోజులు బాయిలర్‌ని తోడు తీసుకోండి, నామోషీ ఏమీ లేదు. గొట్టం ఎర్రబడేదాకా స్టవ్‌ని తరమడం మాత్రం వద్దు. గొట్టంలోంచి రైలు వెళ్తున్నట్టు హోరు వస్తే చిమ్నీలో మంట అంటుకున్నట్టే. తలుపు, గాలి కంత మూసి, అందరూ బయటికొచ్చి 911కి ఫోన్ చేయండి.

స్టవ్ గదిలో 78, చివరి గదిలో గజగజ. ఒక రాత్రి నీళ్ల పైపు గడ్డకట్టింది

రోజంతా మండించేవాళ్లని బాగా దెబ్బ తీసేది ఇదే, కానీ స్టవ్ కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. థర్మోస్టాట్ హాల్లో ఉంటుంది, స్టవ్ కూడా హాల్లోనే. హాలు వెచ్చగా ఉంది కాబట్టి బాయిలర్ ఆన్ అవదు. గరాజ్ పైన, బయటి గోడల్లో ఉన్న బేస్‌బోర్డ్ పైపుల్లో (గోడ అడుగున బాయిలర్ వేడినీళ్లు తిరిగే పైపులు) నీళ్లు కదలకుండా నిలిచిపోతాయి. సున్నా రాత్రి అవి గడ్డకడతాయి, పైపు పగులుతుంది.

బాయిలర్ పంపు కొన్ని గంటలకోసారి కొన్ని నిమిషాలు తిరిగేలా టైమర్ పెట్టించండి. లేదా రాత్రి రెండుసార్లు థర్మోస్టాట్ దానంతటదే పైకెళ్లేలా షెడ్యూల్ చేసుకోండి. చివరి గదిలో థర్మామీటర్ ఉండాలి.

వేడి పంచడానికి చాలామంది స్టవ్ వెనక ఫ్యాన్ పెట్టి చల్లటి గదివైపు ఊదుతారు. తిరగేసి చేయండి. చిన్న ఫ్యాన్‌ని చల్లటి గది నేల మీద, ముఖం స్టవ్ వైపు ఉండేలా, తక్కువ వేగంలో పెట్టండి. చల్లటి బరువైన గాలి కిందినుంచి వస్తుంది, దాని చోటులోకి వెచ్చటి గాలి తలుపు పైభాగం గుండా వెళ్తుంది. అగరొత్తి వెలిగించి గుమ్మం పైన పట్టుకుంటే పొగ చల్లటి గదిలోకి సాగడం కనిపిస్తుంది.

బూడిద

అడుగున ఒక అంగుళం బూడిద ఉంచండి, నిప్పు నిలవడానికి పనికొస్తుంది. తీసింది మూత ఉన్న ఇనప బకెట్లో వేసి, ఇంటికి దూరంగా కాంక్రీటు మీదో రాయి మీదో పెట్టండి. చెక్క డెక్ మీద వద్దు. నివురుగప్పిన నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది.

ఫిబ్రవరి చివర మధ్యాహ్నాలు మళ్లీ ఉక్కగా ఉన్నాయి

ఎండ బలపడింది. దక్షిణపు కిటికీలున్న ఇళ్లలో ఇది ముందుగా తెలుస్తుంది. పొద్దుటి లోడు మానేసి, రాత్రిది మాత్రమే ఉంచండి. అదీ ఎక్కువైనప్పుడు సాయంత్రం చిన్న మంటకి దిగండి. రోజంతా మండించడం ఆపిన ఆ వారమే చిమ్నీ చూసేవాణ్ణి పిలవండి. ఏడాదికోసారి తనిఖీ ఎలాగూ తప్పదు, లోపల క్రియోసోట్ అంగుళంలో ఎనిమిదో వంతు పేరుకుంటే తుడిపించాలి. సెప్టెంబర్ దాకా ఆగితే అప్పుడు అందరూ పిలుస్తారు, వాళ్లు దొరకరు.